కాటా ఎక్కనివాళ్లు

"నాన్నకి ఎవరు చెబుతారు?" అని ఆడపడుచు మళ్లీ అడిగింది.

వంటింట్లో ముగ్గురూ నిలబడే ఉన్నారు. స్టవ్ మీద పాలు అంచుదాకా వచ్చాయి. కోడలు వాటినే చూస్తోంది గాని మంట తగ్గించలేదు. చివరికి ఆడపడుచే చెయ్యి చాచి తగ్గించింది.

"ఎవరూ చెప్పక్కర్లేదు," అన్నాడు కొడుకు. "ముందు సంతకాలు కానివ్వు. తర్వాత వీలు చూసుకుని నేనే నెమ్మదిగా చెబుతాను."

"నీ నెమ్మది నాకు తెలుసులే అన్నయ్యా. చిన్నప్పుడు నా సైకిలు విరగ్గొట్టి, నాన్నకి నెమ్మదిగా చెబుతానన్నావు. నా పెళ్లయ్యాక చెప్పావు."

మామూలు రోజైతే ఈ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్లు.

ముందుగదిలోంచి పెద్దాయన దగ్గు వినిపించింది. ముగ్గురూ గొంతులు తగ్గించారు. నిజానికి ఆ అవసరం లేదు. ఆయనకి కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి ప్రొపెల్లర్ల హోరుకి అలవాటుపడి, మనుషుల మాటల్ని సగమే లోపలికి రానిస్తుంది. అయినా ఈ మధ్య ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు.

ఆయన పొద్దున్నే తయారై కూర్చున్నారు. విమానాల కంపెనీ పెట్టిన కొత్తలో కుట్టించుకున్న నీలం కోటు తీయించి వేసుకున్నారు. అది భుజాల దగ్గర వదులైంది, పొట్ట దగ్గర బిగుతైంది. మధ్యాహ్నం విమానాలు నిలిపే హ్యాంగర్‌లో ఉద్యోగుల సమావేశం. కంపెనీలో సగానికి కాస్త ఎక్కువ కుటుంబానిది, మిగిలింది ఉద్యోగులది. సముద్రం అవతలి పెద్ద కంపెనీ కొంటామని వచ్చింది గాని, కొంటే మొత్తం కొంటామంది. ఉద్యోగుల వాటా ఇమ్మని పెద్దాయనే అడగాలి. కొడుకు అడిగితే వాళ్లు ఇవ్వరు. ఆ సంగతి కొడుక్కీ తెలుసు.

"నువ్వు మాట్లాడవేం వదినా?" అంది ఆడపడుచు.

"ఏం మాట్లాడమంటావు?"

"ఆ సీట్లో కూర్చున్నది నువ్వు కదా."

కోడలు పాలగిన్నె దించి పక్కన పెట్టింది. మూత కోసం వెతికింది. మూత ఆమె చేతిలోనే ఉంది.

ఆ సీటు సంగతి ఇది. వాళ్లవి చిన్న విమానాలు. పెద్ద విమానాలు ఎక్కేటప్పుడు సామాను తూస్తే చాలు. ఇలాంటివాటిలో మనుషుల్ని కూడా తూస్తారు. అందుకే కౌంటరు పక్కన ఒక కాటా ఉంటుంది. సంచి చేత్తో పట్టుకుని దాని మీదికి ఎక్కి దిగాకే ఎవరైనా లోపలికి వెళ్లాలి. పెద్దాయన మొదట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. తన ఇంటివాళ్లు ప్రయాణం చేస్తే అందరికన్నా ముందు, అందరూ చూస్తుండగా, వాళ్లే కాటా ఎక్కాలి. విమానం బరువెక్కితే ముందుగా దిగాల్సిందీ వాళ్లే.

మొన్నామధ్య కొనేవాళ్లు పట్నంలో విందు ఇచ్చారు. ఇంటివాళ్లని కూడా చూడాలన్నారు. కొడుకూ కోడలూ బయల్దేరారు. కౌంటరు దగ్గర కొడుకు ఆగలేదు. మా బరువులు నీకు తెలిసినవేగా, వేసుకో అని కౌంటరు పిల్లతో చెప్పి నేరుగా విమానం దగ్గరికి నడిచాడు. కోడలు అతని వెనకాలే నడిచింది. ఆ రోజు దారిలో కొండ ఊళ్లలో దించాల్సిన మందుల పెట్టెలు ఎక్కువున్నాయి. కాసేపటికి కౌంటరు పిల్ల విమానం మెట్ల దాకా పరుగున వచ్చి, సార్, ఒకరు దిగాలి అని భయంభయంగా చెప్పింది.

ఆఖర్న వచ్చినవాళ్లెవరో చూసి సాయంత్రం విమానంలో పంపమన్నాడు కొడుకు.

ఆఖర్న వచ్చింది నట్టు బాబాయి కూతురు.

నట్టు బాబాయి కంపెనీ మొదటి మెకానిక్. చొక్కా జేబులో ఎప్పుడూ నట్లు గలగల్లాడుతుండేవని ఇంట్లో పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు ఇప్పుడు ఎవరూ పలకరు. ఆయన పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. దగ్గరివాళ్లని రమ్మనండి అని డాక్టర్లు కబురు చేస్తే ఆమె బయల్దేరింది. సాయంత్రం పొగమంచు దిగింది. విమానం లేవలేదు. మర్నాడు ఆమె వెళ్లేసరికి ఆయన లేడు.

ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తోందో కోడలికి తెలుసు. కొడుక్కి తెలియకపోయి ఉండొచ్చు. అతను అప్పటికే ఫోన్లో మాట్లాడుతున్నాడు. కోడలు మాత్రం కిటికీలోంచి చూసింది. ఆ అమ్మాయి సంచి పట్టుకుని తారు మీద నిలబడి ఉంది. అరవలేదు, బతిమాలలేదు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని విమానం వైపు చూసింది. కోడలు తల వంచుకుని సీటు బెల్టు సరిచేసుకుంది. బెల్టు సరిగ్గానే ఉంది.

ఆ సీటుకి తొడుగు కుట్టింది కూడా ఆ అమ్మాయే. కంపెనీ విమానాల్లో సీట్ల తొడుగులన్నీ ఆమే కుడుతుంది.

పెద్దాయనకి మాత్రం, పాపం విమానం అందుకోలేకపోయిందట అని చెప్పారు. ఆయన నమ్మారు. నట్టు బాబాయిని సాగనంపిన రోజు ఆమె దగ్గరికి వెళ్లి, తల మీద చెయ్యి వేసి, కాస్త ముందే బయల్దేరాల్సింది తల్లీ, వాడు నీకోసం ఎంత ఎదురుచూశాడో అన్నారు. చుట్టూ కంపెనీ మనుషులందరూ ఉన్నారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తల ఎత్తి, ఆయన భుజం మీదుగా కోడలి వైపు ఒక్కసారి చూసి మళ్లీ దించుకుంది.

"ఒక్కటి ఆలోచించండి," అన్నాడు కొడుకు వంటింటి గోడకి ఆనుకుని. అతని గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. "మన రెండు విమానాల్లో పెద్దది ఇంజను విప్పి ఎన్నాళ్లుగా నేల మీద పడుంది? ఉన్న చిన్నది కూడా ఎప్పుడు ఆగుతుందో తెలీదు. వాళ్ల గడువు ఈరోజుతో సరి. నాన్న ఈరోజు అక్కడ తలెత్తుకుని మాట్లాడాలి. ఇది తెలిస్తే మాట్లాడగలడా?"

"ఆ అమ్మాయి నోరు విప్పితే?" అంది ఆడపడుచు. "బాబాయి స్థానంలో ఉద్యోగులు తమ తరఫున ఆమెనే కూర్చోబెట్టారు. వాటా ఇవ్వాలా వద్దా చెప్పేది ఆమే."

"విప్పదు. మొన్న విప్పలేదుగా."

కోడలు తలెత్తి భర్త మొహంలోకి చూసింది. ఆ అమ్మాయి మర్యాదని కూడా అతను లెక్కలో వేసేసుకున్నాడు. తను మాత్రం ఏం తక్కువ? మొన్న ఆమె తల దించుకున్నప్పుడు తను ఒక ఊపిరి వదిలింది. హమ్మయ్య అనుకున్న ఊపిరి.

గుమ్మం దగ్గర చప్పుడైంది. పెద్దాయన ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ముగ్గురు మనుషులున్నారు, ఒక్క టీ రాలేదు. కంపెనీ ఇంకా అమ్మనేలేదు, అప్పుడే సర్వీసు ఆపేశారా?"

ఆడపడుచు నవ్వబోయి ముక్కు చీదుకుంది. కోడలు టీ కలిపి ఇచ్చింది. ఆయన నిలబడే తాగి, తనని కోడలే కారులో తీసుకెళ్లాలన్నారు. కొడుకు దారంతా ఫోన్లో ఉంటాడని, తను మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయని చెప్పారు.

ఆయన మెట్లు దిగుతుంటే కొడుకు కోడలి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమీ చెప్పకు. నా కోసం."

ఆమె చెయ్యి విడిపించుకుని కారు తాళాలు అందుకుంది.

*

కారు వీధి మలుపు తిరగ్గానే పెద్దాయన మొదలుపెట్టారు. హ్యాంగర్‌లో ఏం మాట్లాడాలో కొన్నాళ్లుగా మనసులో అల్లుకుంటున్నారు. ఇప్పుడు అది పైకి వస్తోంది.

మొదటి విమానం కోసం వెళ్తే బ్యాంకువాళ్లు నవ్వారట. ఆ కొండలవతల ఊళ్లకి ఎవరయ్యా ఎక్కేది అన్నారట. ఉత్తరాల సంచులు ఎక్కాయి, మందులు ఎక్కాయి, బదిలీ అయిన పంతుళ్లు ఎక్కారు, పురిటికెళ్లే ఆడవాళ్లు ఎక్కారు. ఎక్కనిది లాభం ఒక్కటే అన్నారాయన. ఆ మాట అక్కడ కూడా అంటారట, నవ్వుతారో లేదో చూడాలట.

"రెండో ఏడు ఎవరికీ జీతం ఇవ్వలేకపోయాను. వాటాలిస్తాను, ఉంటారా అని అడిగాను. నట్టుగాడు ఏమన్నాడో తెలుసా? 'వాటా అంటే విమానంలో నాది ఏదో చూపించు. రెక్కా, తోకా?' అన్నాడు. తోక చక్రం నీదిరా అన్నాను. అంతే. ఆ రోజు నుంచి దానికి గాలి వాడే కొట్టేవాడు. పైలట్‌ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు."

ఆయన నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది. ఆయన కిటికీ వైపు తిరిగారు.

తర్వాత కలప వ్యాపారి సంగతి చెప్పారు. అతను భాగస్తుడిగా వచ్చి విమానం తోక మీద తన పేరు రాయించుకున్నాడు. ఒక వానాకాలం విమానాలు లేవకపోయేసరికి తన వంతు తీసుకుని వెళ్లిపోయాడు. పేరు మీద రంగు కొట్టించారు గాని, ఎండ ఏటవాలుగా పడితే ఆ అక్షరాలు ఇప్పటికీ కింద నుంచి కనిపిస్తాయి. ఉద్యోగులు మాత్రం ఒక్కరూ వెళ్లలేదు.

"ఆఖర్న నీ సంగతి చెబుతాను," అన్నారు.

కోడలికి తెలుసు ఆయన ఏం చెబుతారో. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన చెప్పే కథే. అప్పుడు ఆమె కౌంటరులో కొత్తగా చేరింది. ఒక రోజు విమానం బరువెక్కింది. ఎక్కి కూర్చున్నవాళ్లలో కంపెనీ యజమాని ఉన్నారు. ఆమె మెట్లెక్కి వెళ్లి, సార్, మీరు దిగాలి అంది. ఆయన దిగారు. దిగి, ఆ సాయంత్రం భార్యతో, మన ఇంటికి కోడలు దొరికింది అన్నారు.

"వాళ్లకి చెబుతాను. నా ఇంటివాళ్ల కోసం ఏ ప్రయాణికుణ్నీ నేల మీద నిలబెట్టలేదు, ఆ పద్ధతి తప్పనివ్వని పిల్లనే ఏరి ఇంటికి తెచ్చుకున్నాను, నన్ను నమ్మి ఇవ్వండి అంటాను. ఎలా ఉంది?"

"మామయ్యగారూ, ఆ మాట అనొద్దు," అంది కోడలు. "మేం నిలబెట్టాం. బాబాయి కూతుర్ని మేమే దింపేశాం. ఆ రోజు ఆ అమ్మాయి సీట్లో నేను కూర్చున్నాను."

అనేసింది. ఆయన ఏమంటారోనని ఎదురుచూసింది.

"'నమ్మి ఇవ్వండి' బాగుంటుందా, 'నమ్మారు గనక ఇవ్వండి' బాగుంటుందా?" అన్నారు పెద్దాయన.

ఆయనకి వినపడలేదు. డ్రైవరు సీటు ఆయన కుడిచెవి వైపు ఉంది.

విమానాశ్రయం కంచె కనిపించింది. కంచె అవతల గాలివాటం చూపే గాలిసంచి సగం నిండి ఊగుతోంది. ఇంకొక్క మలుపు తిరిగితే హ్యాంగరు. ఆయనకి వినపడలేదు గనక తను చెప్పలేదని అనుకోవచ్చు. భర్తకి కూడా అలాగే చెప్పొచ్చు. ఒక్క క్షణం ఆమెకి అది కూడా తోచింది. తోచినందుకు చెవులు వేడెక్కాయి.

కారు కంచె పక్కన ఆపింది. దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎడమవైపు కిటికీ దగ్గర వంగింది. ఆయన అద్దం దించారు. చెప్పాల్సిన మాట మెల్లిగా చెప్పే వీలు లేదు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద సైకిల్ మీద పోతున్న మనిషి ఒకడు వెనక్కి తిరిగి చూశాడు.

మొత్తం చెప్పింది. కాటా ఎక్కకపోవడం, కౌంటరు పిల్ల రావడం, కిటికీ, పొగమంచు. విందు జరిగిన హోటలు ఆసుపత్రికి రెండు వీధుల దూరమే అని కూడా చెప్పింది. వెళ్లి చూద్దామని అనుకున్నానని, విందు ఆలస్యమైందని చెప్పబోయి ఆ మాట మింగేసింది.

పెద్దాయన చాలాసేపు గాలిసంచి వైపే చూశారు.

"దిగాల్సింది ఎవరు?"

"నేను."

"వాడు కాదా?"

"ఆయనకి వాళ్లతో మాట్లాడే పని ఉంది. నేను విందుకి వెళ్తున్నాను. అంతే."

"ఆ పిల్ల ఎక్కడికి వెళ్తోందో నీకు తెలుసా?"

"తెలుసు."

ఆయన, మొన్న నేనన్న మాట అంటూ మొదలుపెట్టి ఆగారు. పెదవులు కదిలాయి. కాస్త ముందే బయల్దేరాల్సింది తల్లీ అన్న ఆ మాటనే ఆయన లోపల మళ్లీ అనుకుంటున్నారని కోడలికి అర్థమైంది.

ఆయన సీటులో ముందుకి జరిగి కోటు విప్పారు. ఒక చెయ్యి ఇరుక్కుంది. ఆమె సాయం చేయబోతే వద్దన్నట్టు తల ఊపారు. కోటు మడిచి వెనక సీట్లో పెట్టారు.

"పద," అన్నారు.

"ఇంటికా మామయ్యగారూ?"

"ఇంటికెందుకు?"

*

హ్యాంగర్‌లో ఇంజను విప్పిన విమానం ఒక పక్కకి నెట్టి ఉంది. దాని ముందు బల్లలు, కుర్చీలు వేశారు. లోడర్లు, డ్రైవర్లు, మెకానిక్‌లు, ఇద్దరు పైలట్లు, కౌంటరు పిల్ల కూర్చున్నారు. ఎదురుగా చెక్క వేదిక, దాని మీద కొడుకు, పక్కన కొనేవాళ్ల తరఫు లాయరు. పెద్ద తలుపు పక్కన కంపెనీ మొదటి ఇనప కాటా ఉంది. కొత్తది వచ్చాక దాన్ని ఇక్కడికి చేర్చారు. దాని మీద ఎవరో పనిముట్ల పెట్టె పెట్టారు.

నట్టు బాబాయి కూతురు ముందు వరసలో కూర్చుంది. ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు. బాబాయి ఎప్పుడూ కూర్చునే చోటది.

పెద్దాయన కోటు లేకుండా రావడం చూసి కొడుకు కోడలి మొహం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతనికి అర్థమైపోయింది. మైకు ఇవ్వడానికి లేచినవాడు మైకు పట్టుకునే నిలబడిపోయాడు.

పెద్దాయన మైకు తీసుకోలేదు. వేదిక అంచుకి వచ్చి ఆ అమ్మాయి వైపు చూశారు.

"అమ్మా. మొన్న వీళ్లందరి ముందు నీతో ఒక మాటన్నాను. ముందే బయల్దేరాల్సిందన్నాను. నువ్వు వేళకే వచ్చావు. ఎక్కినదాన్ని మా ఇంటివాళ్లు దింపేశారు. నాకు ఇప్పుడే తెలిసింది. అదే మనుషుల ముందు చెబుతున్నాను. నేనన్నది తప్పు."

వెనక వరసల్లో కదలిక పుట్టింది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెబుతున్నారు. కౌంటరు పిల్ల తల దించుకుని చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటోంది.

"నాన్నా," అన్నాడు కొడుకు. "ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో అన్నానా నేను ఆ మాట?" అన్నారు పెద్దాయన.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నారందరూ. ఏడవలేదు. ఆయనకి వినపడాలని ఎడమచెవి వైపుకి నడిచి వెళ్లింది. అందరూ ఆయన చెవి సంగతి మర్చిపోయిన చోట ఆమె మర్చిపోలేదు. అది చూసి కోడలికి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"దానికి మొన్ననే జవాబు చెప్పేదాన్ని పెద్దనాన్నా. నాన్న అక్కడే పడుకుని ఉన్నాడు. ఆయన ముందు మీ ఇంటి గురించి ఆ మాట అనబుద్ధి కాలేదు."

పెద్దాయన తల వంచారు.

"ఆ రోజు సాయంత్రం నర్సు ఫోను ఇస్తే నాన్న మాట్లాడాడు. నేనింకా ఇక్కడే బెంచీ మీద ఉన్నాను. విమానం ఆలస్యమని చెప్పాను. దింపారని చెప్పలేదు. మనవాళ్లు ఎలాగోలా పంపిస్తారులే, కంగారు పడకు అన్నాడు. తర్వాత ఈ వాటాల సంగతి చెప్పాడు. పెద్దాయన అడిగితే కాదనకు, ఇచ్చెయ్ అన్నాడు. అందుకే వచ్చాను. అడగండి. నేను కాదనను."

లాయరు సంచిలోంచి కాగితాలు బయటికి తీశాడు. కొడుకు మొహంలో ఒక్కసారి వెలుతురు వచ్చింది. అది రావడం అందరూ చూశారు. అతనికి కూడా తెలిసింది కాబోలు, చప్పున తల తిప్పుకున్నాడు.

పెద్దాయన నోరు తెరిచారు. మాట రాలేదు. రావాల్సిన మాట చిన్నదే. దానికోసమే ఇన్నాళ్లు మాటలన్నీ కూడబెట్టుకున్నారు. ఆయన కళ్లు వరసలన్నీ దాటి, వెనక స్తంభం దగ్గర నిలబడ్డ కోడలి మీద ఆగాయి.

"అప్పుడు నువ్వు నాకు భయపడలేదు," అన్నారు. "కౌంటరులో ఉన్నప్పుడు. ఇప్పుడూ నువ్వే చెప్పు. నేను అడగొచ్చా?"

అందరూ వెనక్కి తిరిగారు. కోడలికి భర్త కళ్లు కనిపించాయి. వాటిలో బెదిరింపు లేదు. బతిమాలడమే ఉంది. పొద్దున చెయ్యి పట్టుకున్నప్పటి చూపే. అతను కంపెనీ కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నాడో ఆమె కన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. అడిగితే అందరి ఉద్యోగాలూ నిలవొచ్చు. అడగకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"అడగొద్దు మామయ్యగారూ," అంది.

గొంతు పైకి రాలేదు. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆమె స్తంభం వదిలి వరసల మధ్యకి వచ్చింది.

"అడగొద్దు మామయ్యగారూ. ఆ రోజు దిగాల్సింది నేను. తను బాబాయి దగ్గరికి వెళ్తోందని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. కాటా కూడా ఎక్కలేదు."

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

పెద్దాయన వేదిక దిగారు. దిగి, ఆ అమ్మాయి పక్కనున్న ఖాళీ కుర్చీ దగ్గరికి వెళ్లి, కూర్చోవచ్చా అన్నట్టు ఆమె వైపు చూశారు. ఆమె తల ఊపింది. ఆయన కూర్చున్నారు. ఆమె కూడా తన కుర్చీలో కూర్చుంది.

లాయరు కొడుకు వైపు వంగి ఏదో అన్నాడు. కొడుకు మైకు కింద పెట్టాడు.

"నాన్న అడగకపోతే నేను అడుగుతున్నాను," అన్నాడు. "తప్పు నాది. నా భార్యది కాదు, కౌంటరు పిల్లది కాదు. దింపమన్నది నేను. ఎవర్ని దింపుతున్నానో కూడా చూడలేదు. కోపముంటే నన్ను అనండి, పడతాను. ఆ కోపం కంపెనీ మీద చూపించొద్దు. ఈరోజు దాటిపోతే ఈ షెడ్డుకి తాళం పడుతుంది. కొండలవతల వాళ్లకి మందులు ఎవరు తీసుకెళ్తారు? అందుకే అడుగుతున్నాను. ఇవ్వండి."

హ్యాంగరు రేకుల మీద గాలి చప్పుడు వినిపించింది. అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే కాదని ఎవరూ అనలేకపోయారు. ఔనని కూడా అనలేకపోయారు. పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నారు.

నట్టు బాబాయి కూతురు కుర్చీలోంచి లేవలేదు. వెనక్కి తిరిగి పెద్ద తలుపు వైపు చూసింది.

"నాన్న చెప్పింది పెద్దనాన్న గురించి. మీ గురించి ఏమీ చెప్పలేదు అన్నయ్యా. మీకేం చెప్పాలో నేనే ఆలోచించుకోవాలి. ముందు అక్కడ నిలబడి అడగండి. ఆ కాటా మీద. అందరం ఎక్కేదేగా."

కొడుకు మొహం ఎర్రబడింది. చిన్నప్పటి నుంచీ చూసిన మనుషులు వరసలుగా కూర్చుని తన పాదాల వైపు చూస్తున్నారు.

కౌంటరు పిల్ల లేచింది. ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరికి వెళ్లి, కాటా మీదున్న పనిముట్ల పెట్టెని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టింది. ముల్లు కాసేపు ఊగి సున్నా దగ్గర నిలిచింది.

లాయరు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కొడుకు వైపు చూస్తున్నాడు.

కొడుకు వేదిక దిగాడు. వరసల పక్కగా నడవడం మొదలుపెట్టాడు. కోడలి ముందు నుంచే వెళ్లాడు గాని ఆమె వైపు చూడలేదు. అతను కాటా దగ్గరికి వెళ్తున్నాడో, తలుపు దాటి వెళ్లిపోతున్నాడో ఆమెకి తెలియలేదు. రెండూ ఒకే వైపు ఉన్నాయి.